జెంబే ముందు పది గురువారాలు

మొదటి గురువారం నేను ఒక పెద్దావిడ కాలి వేళ్లను నాలుగుసార్లు తొక్కాను. నాలుగుసార్లూ ఒకే కాలు. ఆమె రైల్వేలో ముప్ఫై ఏళ్ల పైన టైమ్‌టేబుళ్లు తయారుచేసి రిటైరైన జర్మన్ మనిషి. డెబ్బై దాటినా నిటారుగా ఉంటుంది. డాన్స్ క్లాసులో నా వెనక వరుసలో నిలబడింది, ఆమె చేసిన పొరపాటు అదొక్కటే. జెంబే డోలు మోగగానే గదిలో ఉన్న పద్నాలుగు మందిలో పదమూడు మంది ముందుకు అడుగు వేశారు. నేనొక్కదాన్ని వెనక్కి వేశాను.

దానికి కారణం ఉంది. మాకు ఆట నేర్పే టీచరమ్మ పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశం నుంచి వచ్చిన మనిషి. ఆ రోజు ఆమె మొదలుపెట్టింది వాళ్ల వైపు పొలం పనులప్పుడు వాయించే తాళం. కోతలు కోసేవాళ్లకు అలసట తెలియకుండా గట్టు మీద నిలబడి వాయిస్తారట. మా ఊళ్లో గట్టు మీద నిలబడేది మేస్త్రీ. ఆయన దగ్గర డోలు ఉండేది కాదు, నోరు ఉండేది.

"నడుము వంచండి. మోకాళ్లు వదులు చేయండి. చేతులు నేలకు దగ్గరగా తీసుకురండి," అంది టీచరమ్మ.

మిగతావాళ్లకు ఆ వంగడం దగ్గరే చిక్కొచ్చింది. కొందరు మెడ వంచారు, కొందరు కళ్లు దించారు. నేను జగిత్యాల పక్కన మా ఊరి మళ్లలో పదేళ్ల వయసు నుంచి యాభై దాకా వరినాట్లు వేసినదాన్ని. నన్ను వంగమని రెండోసారి చెప్పే పని లేదు. టీచరమ్మ నా దగ్గరికి వచ్చి వీపు మీద అరచేయి పెట్టింది.

"అందరూ ఇటు చూడండి. వీపు ఇలా బల్లలాగా ఉండాలి. దీని మీద కాఫీ కప్పు పెట్టినా ఒలకదు."

నాకు గర్వమనిపించింది. సరిగ్గా అప్పుడే జెంబే మోగింది. నాట్లు వేసేవాళ్లు ముందుకు నడవరు. ముందుకు నడిస్తే అప్పుడే నాటిన నారును తొక్కుతారు. చేతులు నేల దగ్గర ఉన్నాయి, నడుము వంగి ఉంది, ఇంకేం కావాలి, నా కాళ్లు వాటికి తెలిసిన దారి పట్టాయి.

"మీరు రివర్స్‌లో వస్తున్నారు," అంది వెనకనుంచి టైమ్‌టేబుల్ ఆవిడ, మొదటిసారి.

రెండోసారి, "మళ్లీ వచ్చారు," అంది. మూడోసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. నాలుగోసారి వంగి నా చెవి దగ్గరగా అడిగింది: "మీరిలా వెనక్కి వస్తూ ఉంటే నేనేం చేయాలి?"

"మీరు కూడా వెనక్కి రండి. మా దగ్గర అందరం ఒకేసారి వెనక్కి నడుస్తాం. ఎవరి కాలూ ఎవరూ తొక్కరు."

ఆమె ఆ సలహాను తీసిపారేయలేదు. వెనక్కి తిరిగి చూసి, కళ్లతోనే కొలిచి, "రెండు అడుగుల తర్వాత గోడ ఉంది," అంది.

నా జర్మన్ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కలనూ, వాళ్ల జర్మన్‌నూ ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. ఆ రోజు నుంచి నేను టైమ్‌టేబుల్ ఆవిడను మనసులో వదిన అని పిలుచుకోవడం మొదలుపెట్టాను. వదిన కాలు తొక్కితే అదొక మేలమాడినట్టు ఉంటుంది. బయటివాళ్ల కాలు తొక్కితే తప్పవుతుంది.

అసలు నేను ఆ గదిలోకి రావడానికి కారణం మోకాళ్లు. మా ఆయన పోయాక బిడ్డ నన్ను జర్మనీలోని ఎష్‌బోర్న్‌కు, తన దగ్గరికి తెచ్చుకుంది. అప్పటికి నాకు యాభై నాలుగేళ్లు. బిడ్డ, అల్లుడు ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలు. మనవరాలిని కీటాలో, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, దిగబెట్టి తీసుకురావడం, వంట చేయడం నా పనులు. ఐదేళ్లు ఇలా గడిచాక మోకాళ్లు మెట్లెక్కనన్నాయి. డాక్టరు కదలమన్నాడు. బిడ్డ ఫోన్ తీసి వెతికింది.

"అమ్మా, యోగాల ప్లేస్ లేదంట. ఇదొక్కటే దొరికింది, గురువారం పొద్దుగాల. రోడెల్‌హైమ్‌ల దిగాలె. రెండే స్టేషన్లు, బండి మారే పని లేదు."

"ఏం నేర్పుతరు?"

"ఆఫ్రికా డాన్స్."

"ఈ వయసుల నేను గంతులేస్తే మోకాళ్లు మంచిగైతయా?"

"డాక్టర్ కదలుమన్నడు. ఎట్ల కదలాల్నో చెప్పలె. అన్మెల్డుంగ్ చేసేసిన అమ్మా. వద్దంటే మళ్ల మెయిల్ రాయాలె, నాకు టైమ్ లేదు."

నా పేరు ఆ క్లాసులో అలా నమోదైంది. పది గురువారాల కోర్సు. ఏప్రిల్ చివర మొదలై, ఎండాకాలం సెలవుల ముందు ముగుస్తుంది.

క్లాసు జరిగేది ఒక పాత భవనం కింది అంతస్తులో. చెక్క నేల, ఒక వైపంతా కిటికీలు. గది చివర ఇద్దరు వాయిద్యగాళ్లు కూర్చుంటారు. ఒకాయన బట్టతల జర్మన్. పీపా అంత డోలును కర్రతో కొడతాడు. ఆయన ఒకే వరసను మార్చకుండా వాయిస్తూ ఉంటాడు. రెండో ఆయన టీచరమ్మకు మేనమామ, డెబ్బై ఏళ్ల మనిషి. జెంబేను రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఉత్త చేతులతో వాయిస్తాడు. పీపా డోలు నడిచే బాట అయితే, జెంబే ఆ బాట మీద కబుర్లు చెప్పుకుంటూ పోయే మనిషి. ఆ కబుర్ల మధ్యలో ఉన్నట్టుండి ఒక వరస వస్తుంది. గబగబా, గట్టిగా, ఎవరినో కేకేసినట్టు. దాన్ని వాళ్లు పిలుపు అంటారు. పిలుపు మోగిందంటే ఆ అడుగు ముగించి తర్వాతి అడుగులోకి మారాలి, లేదా ఆగాలి. నోటితో ఎవరూ చెప్పరు. ఎన్నోసారికి వస్తుందో లెక్క లేదు. పెద్దాయనకు ఎప్పుడు తోస్తే అప్పుడు వాయిస్తాడు.

వదినకు ఇది అస్సలు నచ్చలేదు. "ముందుగా ఒక సంఖ్య చెబితే అందరికీ సౌకర్యంగా ఉంటుంది కదా," అని టీచరమ్మను అడిగింది.

"నాకే తెలియదు. ఆయనకూ తెలియదు," అంది టీచరమ్మ.

ప్రతి క్లాసులో చివరి పావుగంట వలయానికి. అందరం గుండ్రంగా నిలబడి చప్పట్లు కొడతాం. ఒక్కొక్కరే మధ్యలోకి, జెంబే ఎదురుగా, వెళ్లి తమకు తోచినట్టు ఆడాలి. అప్పటిదాకా మనం డోలు వెంట పోతాం. వలయంలో డోలు మన కాళ్ల వెంట వస్తుంది. పిలుపు మోగాక ముగించి, పెద్దాయన ముందు నేలను తాకి బయటికి రావాలి. మొదటి రోజే టీచరమ్మ ఒక మాట ఖచ్చితంగా చెప్పింది. సెలవుల తర్వాత రెండో కోర్సు ఉంటుంది, పద్నాలుగు చోట్లు. ఈ పది వారాల్లో వలయంలోకి ఒక్కసారైనా వెళ్లినవాళ్లకే అందులో చోటు.

"రెండో కోర్సంతా వలయంలోనే ఉంటుంది. అంచున నిలబడేవాళ్లకు అక్కడ ఏం తోచదు," అంది.

మూడో గురువారానికల్లా నాకు ఆ రెండో కోర్సు కావాలనిపించింది. ఎంతగా కావాలనిపించిందంటే, బుధవారం రాత్రే బట్టలు తీసి కుర్చీ మీద పెట్టుకునేదాన్ని. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు రైల్లో తొడలు వణికేవి, అరికాళ్లు వేడిగా ఉండేవి. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఫోన్లు చూసుకుంటూ ఉంటే నేను బూట్ల లోపల వేళ్లతో తాళం వేసుకునేదాన్ని. వారంలో మిగిలిన రోజులన్నీ ఎవరో ఒకరికి చెందినవి. గురువారం పొద్దున రెండు గంటలు నావి.

కావలసినదల్లా వలయంలోకి నాలుగడుగులు వేయడం. అదే చేతకాలేదు. నాట్ల వరుసలో పనిచేసిన ఆడదానికి విడిగా కనబడటం అంటే భయం. పదిహేను మందిలో ఒకతి చేయి వడిగా ఆడించి వరుస కంటే ముందు పోయిందంటే మిగతావాళ్లు ఊరుకోరు. "ఏమే, దొర దగ్గర మంచిపేరు కొట్టేద్దామనుకుంటున్నవా" అని సాయంత్రం దాకా దెప్పుతారు. ఒకతి వేగం పెంచితే రేపటి నుంచి అందరికీ అదే వేగం లెక్క అవుతుంది. నలభై ఏళ్లు పక్కవాళ్లతో సమంగా ఉండటమే మంచితనం అనుకున్నదాన్ని ఇప్పుడు మధ్యలోకి రా అంటే కాళ్లు ఎలా వస్తాయి.

అందుకని నోట్‌బుక్ తెచ్చుకున్నాను.

దాని గురించి కొంచెం చెప్పాలి. నాకు అక్షరాలు వచ్చింది ఇక్కడికి వచ్చాకే. మొదట బిడ్డ నేర్పింది. నాలుగో రోజు, "అమ్మా, నిన్ననే చెప్పిన గదా" అని పలక బల్ల మీద పెట్టి లేచిపోయింది. తర్వాత అల్లుడు అందుకున్నాడు. అత్తను కోప్పడటానికి అల్లుడికి నోరు రాదు కాబట్టి నా చదువు సాగింది. ఎన్నిసార్లు తప్పు రాసినా, "దగ్గర్లనే ఉన్నరు అత్తమ్మా" అనేవాడు. ఏడాది పట్టింది. వచ్చాక ఇక ఆగలేదు. ఫ్రిజ్‌లో ఏముందో రాసి అంటించేదాన్ని. స్టేషన్ల పేర్లు విని రాసుకునేదాన్ని. మనవరాలు కీటా నుంచి తెచ్చిన జర్మన్ మాటలు రాసుకునేదాన్ని. చదువు రాకముందు ఊళ్లో సగం మంది పిల్లల పుట్టినరోజులు, ఏ ఆవు ఎప్పుడు ఈనిందీ, ఏ పెళ్లికి ఎవరొచ్చిందీ తలలోనే ఉండేవి. ఇప్పుడు కూరకు ఉప్పు వేశానా లేదా అన్నది కూడా కాగితం మీద చూసుకునే స్థితికి వచ్చాను.

నాలుగో గురువారం వలయం మొదలవగానే గోడ దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టాను. ఎడమ కాలు రెండుసార్లు. కుడి చేయి మీదికి, బట్ట దులిపినట్టు. తల, కోడి గింజ ఏరినట్టు. టీచరమ్మ నా వైపు చూసినప్పుడల్లా పెన్ను ఎత్తి చూపించేదాన్ని. పనిలో ఉన్న మనిషిని ఎవరూ కదిలించరు కదా.

వదిన కూడా వలయంలోకి పోలేదు. ఇంకా పూర్తిగా సిద్ధం కాలేదని ఆమె వాదన. వచ్చి నా పక్కన కూర్చుని నోట్‌బుక్‌లోకి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది ఏ పద్ధతి?" అని అడిగింది.

"పద్ధతా?"

"అడుగులు గుర్తించే పద్ధతి. ఎక్కడ నేర్చుకున్నారు? చాలా శాస్త్రీయంగా ఉంది."

"ఇది తెలుగు," అన్నాను. "మా భాష. ఇక్కడ మోకాలు అని రాశాను."

"ఇంత గుండ్రంగా ఉన్నది మోకాలే అయి ఉంటుందని నేనూ అనుకున్నాను," అంది వదిన. "నాకొక కాపీ ఇస్తారా?"

నేను రాసినదాన్ని ఇంకొకరు కావాలని అడగడం అదే మొదటిసారి. నోట్‌బుక్ తెరిచి పట్టుకున్నాను. ఆమె ఫోన్‌తో ప్రతి పేజీ ఫొటో తీసుకుంది. మరుసటి గురువారం ఆ పేజీలను పెద్దవి చేసి ప్రింట్ తీసి, ఫైల్లో పెట్టుకుని వచ్చింది. ప్రతి మాట కిందా పెన్సిల్‌తో జర్మన్‌లో రాసుకోవడానికి గీతలు కూడా గీసుకుంది. ఇక వలయం జరిగే పావుగంటా మేమిద్దరం గోడ దగ్గర ఒక ఆఫీసు నడిపాం. నేను చూసి రాయడం, ఆమె అడిగి రాయడం. లోపల పన్నెండు మంది చెమటలు కక్కుతూ ఆడుతున్నారు.

ఇక్కడ ఒక వింత జరిగింది. రాయకముందు నాకు వచ్చిన అడుగులు కూడా రాశాక పోయాయి. జెంబే మోగుతుంటే నేను మనసులో పేజీ తిప్పుకుంటూ ఉండేదాన్ని. ఎడమ కాలు రెండు, తర్వాత ఏముంది, కుడి చేయి, అది కింది వరుసలో కదా. అంతలో పిలుపు మోగి, అందరూ మారిపోయి, నేను మిగిలేదాన్ని.

ఇంట్లో చెబితే అల్లుడు ఉత్సాహపడ్డాడు. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. నా నోట్‌బుక్ అంతా ఒక పట్టికలోకి ఎక్కించాడు. కాళ్లకు ఒక రంగు, చేతులకు ఒక రంగు, తలకు ఒక రంగు.

"ఇప్పుడు క్లియర్‌గా ఉంది చూడుండ్రి అత్తమ్మా. మీరు కాళ్ల కాలమ్ చేయుండ్రి, నేను చేతుల కాలమ్ చేస్త. ఫస్ట్ విడివిడిగా టెస్ట్ చేద్దాం."

"ఒక్క మనిషి ఆటను ఇద్దరం పంచుకునుడేంది అల్లుడా?"

"పెద్ద పని ఏదైనా గట్లనే చేస్తం అత్తమ్మా."

మేమిద్దరం టీవీ ముందు నిలబడ్డాం. నేను కాళ్లు, ఆయన చేతులు. ఆరో వరుసలో ఆయన చేయి నా చెంపకు తగిలింది. ఆయన కంగారుపడి వెనక్కి జరిగి సోఫాలో కూర్చున్నాడు. బిడ్డ తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, ఇది డాక్టర్‌కు చూపియ్యాలె, వీడియో తీస్త," అంది. సరిగ్గా అప్పుడు కింది అంతస్తు నుంచి చీపురు కర్రతో సీలింగ్ మీద కొట్టిన చప్పుడు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఇక్కడ గోడకు మేకు కొట్టడం కూడా నేరం. మేమందరం బిగుసుకుపోయాం. మనవరాలు ఒక్కతే కదిలింది. కింద నుంచి కర్ర దెబ్బ పడినప్పుడల్లా ఒక మోకాలు ఎత్తి గెంతింది. దెబ్బ ఆగగానే ఆగింది. నేల వైపు చూసి, "నోహ్‌మాల్," అంది. మళ్లీ కొట్టమని దాని అర్థం. కిందివాళ్లు నిజంగానే మళ్లీ కొట్టారు. అది మళ్లీ గెంతింది. ఆరేళ్ల పిల్లకు ఏ పట్టికా లేకుండా తాళం తప్పలేదు.

"దీనికి ఏ కాలమ్ ఇస్తవ్?" అని అల్లుణ్ణి అడిగాను. ఆయన ల్యాప్‌టాప్ మూశాడు.

ఎనిమిదో గురువారం టీచరమ్మ మా గోడ ఆఫీసు దగ్గరికి వచ్చి చతికిలబడింది. ఆమె నన్ను తాంతీ అని పిలుస్తుంది. వాళ్ల వైపు పెద్ద వయసు ఆడవాళ్లను, మనం పిన్ని అన్నట్టు, అలా పిలుస్తారు.

"తాంతీ, ఏం రాశారో చదవండి. నేను ఆడతాను."

నేను చదివాను. చదివిన ప్రతి మాటకూ ఆమె కదిలింది. ఎడమ కాలు రెండు, కుడి చేయి, కోడి తల. వెనక జెంబే తన మానాన తను మోగుతోంది. నేను మాట వెతుక్కునేటప్పుడు ఆమె ఒంటికాలి మీద ఆగి ఎదురుచూసేది. చూస్తున్నవాళ్లు కడుపులు పట్టుకున్నారు. నేనూ నవ్వాను.

"ప్రతి అడుగూ సరిగ్గా రాశారు," అంది టీచరమ్మ. "డోలు ఏమందో రాశారా?"

రాయలేదు. అది రాయాలని తోచనే లేదు. పట్టుదల వచ్చి, కొత్త పేజీ తిప్పి పెద్దాయన ముందు కూర్చున్నాను. ఆయన పిలుపు వాయించాడు. నేను చెవికి విన్నట్టు రాసుకున్నాను. రెండోసారి వాయించమన్నాను. వాయించాడు.

"ఇది వేరే," అన్నాను.

"అదే వాయించాను," అన్నాడు పెద్దాయన.

"కాదు. ఇందాక చివర దగ్గర ఒక దెబ్బ ఎక్కువుంది. చిన్నది. వేళ్ల కొసలతో కొట్టారు."

ఆయన తల ఎత్తి టీచరమ్మను చూశాడు. వాళ్ల భాషలో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. మళ్లీ వాయించాడు. ఈసారి ఆ చిన్న దెబ్బను ముందుకు జరిపాడు. జరిపారని చెప్పాను. ఇంకోసారి వాయించి దాన్ని పూర్తిగా మింగేశాడు. మింగారని చెప్పాను. నా చేతిలో పెన్ను ఉంది, రాయడం మరిచిపోయాను.

"తాంతీకి చెవులు బాగానే పనిచేస్తున్నాయి," అంది టీచరమ్మ. నోట్‌బుక్‌ను నా చేతిలోంచి తీసి కిటికీ గూట్లో పెట్టింది. "క్లాసు అయ్యాక తీసుకోండి."

తొమ్మిదో గురువారం నోట్‌బుక్ లేకుండా ఆడాను. వరుసలో నాకు ఏ ఇబ్బందీ లేదు. పెద్దాయన పిలుపు వాయించబోయే ముందు ఎడమ భుజం కొద్దిగా దించుతాడని, ఊపిరి పీలుస్తాడని కనిపెట్టాను. ఆయన చేయి దిగేలోపు నా కాలు సిద్ధంగా ఉండేది. కానీ వలయం మొదలవగానే అసలు సంగతి బయటపడింది. ఇంతకుముందు చేతిలో పెన్నైనా ఉండేది. ఇప్పుడు ఉత్త చేతులు. చప్పట్లు కొడుతూ నిలబడ్డాను. ఒకరి తర్వాత ఒకరు వెళ్లారు. నా వంతు వచ్చినట్టు ఒక ఖాళీ వచ్చింది. అందరూ నన్ను చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తూ చూశారు. నేను కదలలేదు. ఆ ఖాళీ దాటిపోయింది.

"ఇంకొక్క గురువారం ఉంది," అంది టీచరమ్మ, నేను బూట్లు వేసుకుంటుంటే. దెప్పడానికి అనలేదు. గుర్తుచేసింది.

ఆ రాత్రి బిడ్డతో చెప్పాను. "పోకుంటే ఏమైతది అమ్మా, వేరే కోర్సు చూస్త. యోగాల ప్లేస్ వచ్చింది," అంది.

"నాకు ఇదే కావాలె."

బిడ్డ నా ముఖం చూసి ఫోన్ పక్కన పెట్టింది. నాకిది కావాలి అని నేను ఆ ఇంట్లో అన్నది బహుశా అదే మొదటిసారి.

పదో గురువారం ఎండగా ఉంది. కిటికీలన్నీ తెరిచారు. వలయం మొదలయ్యేసరికి గదిలో అందరికీ తెలుసు, మిగిలింది ఇద్దరమే. వదిన నా చేయి నొక్కి, "నేను ముందు వెళ్తాను. అంతా లెక్క వేసుకున్నాను. ముప్ఫై రెండు వరకు లెక్కపెట్టి బయటికి వచ్చేస్తాను," అంది.

వెళ్లింది. బాగా మొదలుపెట్టింది కూడా. పెదవులు కదులుతున్నాయి, అంకెలు నడుస్తున్నాయి. ఇరవై ఏడు దగ్గర పెద్దాయన పిలుపు వాయించాడు. వదినకు ఇంకా ఐదు మిగిలి ఉన్నాయి. మధ్యలో వదిలేసే మనిషి కాదు. ఆ ఐదూ పూర్తిచేసి, ఠంచనుగా ఆగి, నేలను తాకబోయింది. కానీ అప్పటికి పిలుపు దాటిపోయింది, జెంబే కొత్త కబురు మొదలుపెట్టింది. పిలుపు లేకుండా బయటికి రావడం పద్ధతి కాదు. పద్ధతి మీరడం వదిన ఒంట్లో లేదు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి పిలుపు పన్నెండు దగ్గర వచ్చింది. మూడోసారి ముప్ఫై దగ్గర. ప్రతిసారీ ఆమె తన రైలును చివరి స్టేషన్ దాకా నడిపించి దిగేసరికి ప్లాట్‌ఫామ్ ఖాళీగా ఉండేది.

అందరూ నవ్వుతున్నారు. వదిన కూడా నవ్వుతోంది. కానీ చెవులు ఎర్రబడ్డాయి, కళ్లజోడు ముక్కు కొసకు జారింది, ఊపిరి పైపైనే ఆడుతోంది. చెమట పట్టిన ముఖంతో నా వైపు తిరిగింది.

నేను వెళ్లాను. కొంగు నడుముకు దోపుకున్నానో లేదో కూడా చూసుకోలేదు. ఆమె ఎదురుగా నిలబడి ఆమె అడుగే వేస్తూ, "లెక్క ఆపండి," అన్నాను. "నన్ను చూడండి. నేను తడితే పొండి."

"ఎన్నోసారికి?"

"తెలియదు. చూస్తూ ఉండండి."

ఆమె పెదవులు మూసుకుంది. మేమిద్దరం ఎదురెదురుగా ఆడాం. పెద్దాయన భుజం దిగింది. ఊపిరి పీల్చాడు. పిలుపు మొదలైంది. చివరి దెబ్బ పడేలోపు వదిన భుజం మీద తట్టాను. ఆమె ఆ దెబ్బ మీదే గెంతి, నేలను తాకి, వెనక్కి చూడకుండా అంచుకు పరుగెత్తింది. డెబ్బై దాటిన మనిషి అంత వేగంగా పోవడం నేను చూడలేదు. గదంతా అరిచారు.

ఆ అరుపుల్లో ఎవరూ గమనించలేదు, మొదట నేనూ గమనించలేదు, వలయంలో ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నానని. జెంబే ఆగలేదు. నా వైపు తిరిగింది.

కుడి కాలు నేల మీద గట్టిగా వేశాను. అదే చోట, అదే బరువుతో జెంబే పలికింది. ఎడమ కాలు మెత్తగా వేశాను. అదీ మెత్తగా పలికింది. ఎవరో నా అరికాలి కింద నిలబడి నేను ఎక్కడ పెడితే అక్కడ చేయి పరుస్తున్నట్టు ఉంది. పరీక్షిద్దామని వడి పెంచాను, వెంటే వచ్చింది. ఉన్నట్టుండి ఒక కాలు గాలిలో ఆపేశాను. పెద్దాయన చేయి కూడా గాలిలో ఆగింది. కాలు దించబోయినట్టు చేసి దించలేదు. ఆయన చేయి కూడా కొంచెం దిగి మోసపోయి మళ్లీ పైకి వెళ్లింది. ఆయన పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. పీపా డోలు ఆయన మాత్రం తన బాట తను నడుస్తూనే ఉన్నాడు. నేను భుజాలు కదిపాను, చేతులు కదిపాను, ఎవరి కోడి తలో ఒకటి అరువు తెచ్చుకుని అదీ కదిపాను. మోకాళ్లు ఉన్నాయన్న సంగతి గుర్తులేదు.

చివరికి నేలను తాకి బయటికి వచ్చేసరికి చప్పట్లు కొట్టేవాళ్ల అరచేతులు ఎర్రబడి ఉన్నాయి.

తర్వాత అందరం నేల మీద కూర్చుని నీళ్లు తాగుతుంటే టీచరమ్మ జాబితా తీసింది. రెండో కోర్సుకు పేర్లు. వదిన పేరు రాసుకుంది. నా దగ్గరికి వచ్చి ఆగింది. పక్కనున్న ఒకావిడ, చెడ్డ ఉద్దేశం లేకుండానే, "ఆమె వెళ్లింది సహాయం చేయడానికి కదా. అది లెక్కలోకి వస్తుందా?" అని అడిగింది. ఇక్కడివాళ్లకు ఇలాంటి సందేహాలు నిజంగానే వస్తాయి.

నేను నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను.

వదిన లేచి నిలబడింది. "వలయంలోకి ఒక్కసారైనా వెళ్లాలి అన్నదే నిబంధన. ఎందుకు వెళ్లాలో అందులో లేదు. మొదటి రోజు నేను రాసుకున్నాను, చూపించమంటే చూపిస్తాను."

"మామయ్యను అడుగుదాం. వాయించింది ఆయన," అంది టీచరమ్మ.

పెద్దాయన జెంబేకు గుడ్డ కప్పుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "ఆమె స్నేహితురాలిని తీసుకుపోవడానికే వచ్చింది. ఆ సంగతి నిజమే. ఆ తర్వాత ఆమెను బయటికి రమ్మని నేను మూడుసార్లు పిలుపు వాయించాను. నాలుగోసారికి వెళ్లింది."

అందరూ నా వైపు తిరిగారు. టీచరమ్మ కూడా.

"తాంతీ, మీకు వినిపించలేదా?"

అబద్ధం చెప్పడానికి లేదు. పెద్దాయన భుజం, ఊపిరి, చేయి, అన్నీ నాకు తెలుసునని ఆయనకూ తెలుసు.

"వినిపించింది," అన్నాను. "మూడుసార్లూ వినిపించింది."

"మరి?"

"ఇంకా కాసేపు ఉండాలనిపించింది."

టీచరమ్మ పెన్ను మూత తీసింది. "రెండో కోర్సులో మీకు ముందు బయటికి రావడం నేర్పాలి," అంటూ నా పేరు రాసుకుంది.